బయటి గది

నారాయణపేట
1948, మాఘ మాసం

అక్కకు నీ యాదలక్ష్మి దండాలు. మన మేనత్త జంగమ్మత్తకు కూడా నా దండం చెప్పు. చెవి దగ్గర గట్టిగా చెప్పు, లేకపోతే వినపడలేదని అలుగుతుంది.

చీరలు కొనడానికి పేటకు వచ్చిన మన ఊరి మారయ్య చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. టప్పాలో వేసే సంగతి కాదు.

నాకు ముట్టు ఆగింది అక్కా. దసరా తర్వాత ఒకసారి కనిపించి మళ్లీ రాలేదు. మొదట ఆశపడ్డాను. నలభై నాలుగేండ్ల దానికి ఆశ ఏమిటని నవ్వకు. రెండు కాన్పులు పోగొట్టుకున్న దానికి ఆశ చావదు. తర్వాత సెగలు మొదలయ్యాయి. ఇంత చలిలో అందరూ దుప్పట్లు కప్పుకుంటే నాకు రొమ్ము నుంచి చెవుల దాకా మంట పాకుతుంది. వెంటనే చెమట, ఆ వెంటనే వణుకు. నిద్ర లేదు. ఊరికే ఏడుపు వస్తుంది. నిన్న పాలు పొంగిపోతే ఏడ్చాను. మీ మరిది నవ్వాడు. "నువ్వు పొయ్యి కాడ ఎందుకు కూసున్నవే, నువ్వే ఒక పొయ్యివి అయినవ్" అన్నాడు. ఆయనకు అసలు సంగతి తెలియదు.

తెలియకూడదు. మా అత్త ఎట్లాంటిదో నీకు తెలుసు. పోయిన ఉగాదినాడు చుట్టాలందరి ముందు అన్నది: "దీనికి ముట్టున్నన్ని దినాలు నేను ఎదురుజూస్త. ఆగిననాడు మక్తల్ పోయి మా తమ్ముని బిడ్డను తెచ్చి నా కొడుక్కు జేస్త. గప్పుడు ఎవ్వరు ఏడ్వొద్దు." ఆ పిల్లకు ఇంకా ఇరవై నిండలేదు.

అందుకే నేను ఇప్పటికీ నెలకు మూడు రోజులు బయట కూర్చుంటున్నాను. పశువుల కొట్టం మూలన, చాప మీద, ఏమీ లేకుండానే. దూరం నుంచి జరిపిన కంచంలో తింటున్నాను. రథసప్తమి నాడు పూజ దగ్గరికి రాకుండా దొంగ ముట్టుతో కూర్చున్నాను. ఇది పాపమా? నువ్వు దేవుడి మనిషివి, నువ్వే చెప్పాలి.

అవ్వ దగ్గర మందులన్నీ నేర్చినదానివి. ముట్టు మళ్లీ వచ్చేలా చేసేది ఏదన్నా ఉంటే పంపు. ఈ ఇంట్లో నా జాగా నిలబడాలంటే నాకు అదొక్కటే దారి.

తమ్ముడు నర్సింహ షోలాపూర్ మిల్లు నుంచి రాస్తున్నాడా? నాకైతే ఏడాదిగా ఒక్క అక్షరం లేదు. అక్కలు ఇద్దరని గుర్తుచెయ్యి వాడికి.


గుండ్లపాడు
ఫాల్గుణ మాసం

చెల్లె యాదలక్ష్మికి అక్క అండాలు దీవెనలు.

మళ్లీ వచ్చే మందు లేదు. ఉందని ఎవరన్నా నమ్మకు. సెగలకు, నిద్రకు, ఏడుపుకు ఉంది.

పిల్లితీగ గడ్డలు మారయ్యకు ఇచ్చి పంపుతున్నాను. వేడినీళ్లలో వేసి తీస్తే తోలు ఊడుతుంది. నడుమ ఈనె ఉంటుంది, లాగి పారెయ్యి. నీడలో ఎండబెట్టి దంచి, పలుచని గుడ్డలో జల్లించు. రాత్రి పాలలో చెంచాడు, కండచక్కెరతో తాగు. పొద్దున నానిన నువ్వులు గుప్పెడు నమిలి తిను. ధనియాలు నానబెట్టిన నీళ్లు ఒంటికి చలువ. కారం తగ్గించు. అవ్వ అనేది: "ఇది రోగం గాదు బిడ్డా, ఎండకాలం. గడవాలె." గడుస్తుంది. నాకు గడిచింది.

పాపమా అని అడిగావు. నాకు తెలియదు. పాపమైతే నాకూ ఉంది. నాకు ఆగి రెండేండ్లు దాటింది. నేనూ నెలకు మూడు రోజులు దొడ్డి వెనక బయటి గదిలో కూర్చుంటున్నాను. ఎందుకని అడగకు. ఎవరితోనూ అనకు. నీకు ధైర్యం కోసం రాశాను, అంతే.

పెండ్లి కాకముందు నుంచి నాకొక కోరిక ఉండేది. ఈ ముట్టు ఆగిపోతే నెలంతా అడ్డం లేకుండా నరసింహస్వామి ముందు దీపం పెట్టుకోవచ్చని. ఆగింది. పెట్టుకోవడం లేదు. స్వామికి తెలుసు.

తమ్ముడు షోలాపూర్‌లో బాగున్నాడు. తీరిక లేదట. రజాకార్లు రెండుసార్లు ఊళ్లోకి వచ్చిపోయారు. మేము బాగున్నాం. ఇది చదివి పొయ్యిలో వెయ్యి.


నారాయణపేట
వైశాఖ మాసం

అక్కా, నీ ఉత్తరం చదివి నవ్వీ నవ్వీ కడుపు నొచ్చింది. ఎన్నాళ్లకు నవ్వానో. నువ్వా! తులసికి నీళ్లు పోయకుండా ఉమ్మి మింగని నువ్వు, దొంగ ముట్టు కూర్చుంటావా? ఎందుకని అడగకు అన్నావు, నేను అడగను. నాకు తెలిసిపోయింది. మూడు రోజులు విసుర్రాయి తప్పించుకుంటున్నావు. జంగమ్మత్త వండిపెడుతుంటే కాళ్లు చాపుకొని తింటున్నావు. తిను, తిను. వితంతువై పుట్టింటికి వచ్చినప్పటి నుంచి ఆ ఇంటికి చేసిన చాకిరికి ఆ మాత్రం హక్కుంది నీకు.

పిల్లితీగ పొడి మంచిది. రాత్రి ఒక కునుకన్నా పడుతున్నది. సెగ వస్తుంది గాని ఇదివరకంత సేపు ఉండదు. ఏడుపు తగ్గింది. కానీ అక్కా, నాకు కావలసింది నిద్ర కాదు. ఒక హకీం నల్లటి మాజూన్ లేహ్యం ఇచ్చాడు. "దీంతోని నలభై రోజుల్ల సంవత్సరాలు ఎనక్కి పోతయి బీబీ" అన్నాడు. తింటున్నాను. కడుపులో నిప్పులు పోసినట్టుంది. అయినా తింటున్నాను.

ఇంకో ఫికర్. బయటున్న రోజుల బట్టలు వేరే మూట కట్టి చాకలికి వేయాలి కదా. ఆమె ఆ మధ్య మూట విప్పి నా మొఖం చూసి, "ఏంది దొరసానీ, ఈ నడుమ నీ బట్టలు మస్తు తెల్లగుంటున్నయి, నాకు పనే లేకుంట జేస్తున్నవ్" అన్నది. అందుకని పోయిన నెల పసుపూ సున్నం కలిపి బట్టకు పూశాను. అచ్చం అట్లాగే ఉంది ఎరుపు. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను.


గుండ్లపాడు
జ్యేష్ఠ మాసం

యాదలక్ష్మికి దీవెనలు.

మాజూన్ పారెయ్యి. ఇవాళే. వెనక్కి పోయే సంవత్సరాలు ఉండవు.

పసుపు పని మళ్లీ చెయ్యకు. చాకలి బట్టను సౌడుమట్టితో ఉబ్బ కుండలో ఉడకబెడుతుంది. నెత్తురు పోతుంది. పసుపు పోదు. ఆమెకు తెలిసిపోయే ఉంటుంది. చాకలి దగ్గర ఆడదాని ఒళ్లు దాగదు. ఇక్కడ మా చాకలి గుర్వమ్మకు నా సంగతి మొదటి నెలే తెలిసింది. మూట ఎత్తుకుంటూ నా వైపు చూసింది, దొడ్డి వెనక గది వైపు చూసింది. "అక్కా, నీ బట్టలు అందరివి గట్లనే ఉంటయి" అని పోయింది. ఇప్పటికీ నోరు విప్పలేదు. అది ఆమె దయ. నువ్వు మీ చాకలికి ఆ దయ కలిగేలా మసలుకో.

జంగమ్మత్తకు నా మీద కోపంగా ఉంది. "ఏం పిల్లవే నువ్వు, ఇంట్ల ఉన్నప్పుడు పిట్టలెక్క తింటవ్, బయటుంటే ఇద్దరి తిండి తింటవ్" అంటుంది. అన్నం గడప అవతల పెట్టి సణుక్కుంటూ పోతుంది.

మీ పాలమూరు గొంగళ్లు మందంగా ఉంటాయి. నల్లది, పెద్దది ఒకటి పంపు. వానలు పడితే ఆ గదిలో నేల చలి కొడుతుంది.


నారాయణపేట
ఆశ్వయుజ మాసం

అక్కా, ఇక భయం లేదు. యూనియన్ సైన్యం మా రోడ్డు మీదుగా పోయింది. బండ్లు పోతుంటే పిల్లలు వెంటబడి పరిగెత్తారు. రజాకార్ల పని అయిపోయింది. మొన్నటి దాకా రూమీ టోపీ పెట్టుకొని తాలూకా కచేరీ చుట్టూ తిరిగిన మీ మరిది శనివారం పొద్దున గాంధీ టోపీతో బయటికి వచ్చాడు. "ఎప్పుడు కుట్టించినవ్" అని అడిగితే, "ఇది నా మనసుల ఎప్పుడో ఉండె" అన్నాడు.

మారయ్య చేత గొంగడి పంపుతున్నాను. మా దగ్గర కురుమవాళ్లు నేసింది. చలీ ఆగుతుంది, వానా ఆగుతుంది. ఇద్దరు కప్పుకోవచ్చు. నీకెందుకు అంత పెద్దదని మాత్రం అడగను, ఏది అడిగినా అడగకు అంటావు.

మాజూన్ మానేశాను. మానితే సెగలు తగ్గాయి. నీ పొడీ, నువ్వులే వాడుతున్నాను. ఒళ్లు నెమ్మదించింది. మనసే నెమ్మదించడం లేదు. చాకలి ఏమీ అనడం లేదు, అత్త కూడా ఏమీ అనడం లేదు. అదే భయం.

ఇక మనదే రాజ్యం కదా. షోలాపూర్ నుంచి తమ్ముణ్ణి రమ్మని రాయి. వాడు వస్తే మా అత్త ముందు నిలబడి నా తరఫున ఒక మాట అడుగుతాడు. పుట్టింటి మగవాడు వచ్చి అడిగితే దాని విలువ వేరు.


గుండ్లపాడు
కార్తీక మాసం

యాదలక్ష్మికి దీవెనలు.

గొంగడి అందింది. మంచిది.

ఎర్రజెండా సంఘానికి భయపడి పట్నం పోయిన దొర తిరిగి వచ్చాడు. ఆయనా గాంధీ టోపీతోనే వచ్చాడు. సంఘం వాళ్లు పంచిన భూములు మళ్లీ ఆయన కిందికే పోయాయి. బడిలో పోలీసు క్యాంపు పెట్టారు. పిల్లలకు చదువు లేదు. సంఘంలో ఉన్నవాళ్ల కోసం ఇల్లిల్లూ వెతుకుతున్నారు. ఇద్దరు దొరికారు. వాళ్ల పేర్లు రాయను.

తమ్ముడు ఇప్పుడు రాడు. పని ఎక్కువట.

కార్తీక పున్నమి నాడు నేను బయట ఉన్నాను. గది గవాక్షంలోంచి ఊళ్లో దీపాలు కనిపించాయి. చాలు అనుకున్నాను.

పొడి అయిపోతే రాయి. ఎవరితోనూ గొడవ పెట్టుకోకు. ముందు రాసిన మాట మళ్లీ రాస్తున్నాను. నా సంగతి ఎవరి దగ్గరా ఎత్తకు.


నారాయణపేట
1949, పుష్య మాసం

అక్కా, అంతా అయిపోయింది.

నువ్వన్నట్టే ఆ పసుపే పట్టించింది. ఉబ్బలోంచి తీసిన బట్ట మీద పచ్చటి మరక మిగిలింది. చాకలి ఇన్నాళ్లు దాన్ని దాచి, మా ఆడబిడ్డ సంక్రాంతి పాతచీర ఇవ్వలేదన్న కోపంలో తెచ్చి మా అత్త ముందు పరిచింది. "మీ కోడలుకు పసుపు ముట్టొస్తదవ్వా" అన్నది.

ఆ వేళ ఇంటి నిండా చుట్టాలు. పక్కింటి పెండ్లికి వచ్చినవాళ్లు. అత్త అందరి నడుమ నా జుట్టు పట్టుకోలేదన్న మాటేగాని అంత పని చేసింది. "ఎండిన చెరువుకు కట్ట ఎందుకు? ఇంట్ల ఉండి నా వంశాన్ని ముంచింది. ముట్టాగిన ఆడది ఇంటికి అరిష్టం" అన్నది.

అది విని నాకు ఎక్కడ లేని సెగ వచ్చింది. ఇది ఒంటి సెగ కాదు. మొదటిసారి ఎదురు మాట్లాడాను. "అరిష్టమైతే మా అక్క అండాలుకు ఆగి మూడేండ్లాయె. ఆమె చేతి మందు కోసం పది ఊర్లు నడిచొస్తయి. ఆమెను అరిష్టమని ఎవడన్న అన్నడా? మా అక్క గడప తొక్కే అర్హత నీకున్నదా?" అన్నాను.

ఆ పెండ్లికి మన ఊరి పోలీసు పటేల్ భార్య పుష్పమ్మ కూడా వచ్చింది. ఆమె పుట్టిల్లు మా వీధే కదా. ఆమె నోటి మీద వేలేసుకొని, "అండాలక్కకా? మూడేండ్లా? నిజమేనా?" అని ఒకటికి రెండుసార్లు అడిగింది. నిజమే అన్నాను. మన ఊరి మనిషి ముందు నీ గొప్ప చెప్పుకున్నందుకు నాకు ఎంత ధైర్యం వచ్చిందో.

నువ్వు ఇంకా బయట కూర్చుంటున్న సంగతి మాత్రం చెప్పలేదు అక్కా. నీకిచ్చిన మాట నిలబెట్టుకున్నాను.

ఫాల్గుణంలో మక్తల్ పిల్లతో లగ్గం పెట్టుకున్నారు. మీ మరిది నా వైపు చూడటం లేదు. తమ్ముణ్ణి రమ్మను. ఒక్కసారి వచ్చి అడగమను.


గుండ్లపాడు
మాఘ మాసం

యాదలక్ష్మికి.

ఇది టప్పాలోనే వేస్తున్నాను. విప్పి చదివేవాళ్లు చదువుకోనీ.

తమ్ముడు షోలాపూర్‌లో లేడు. ఎన్నడూ లేడు. మూడేండ్లుగా సంఘంలో ఉన్నాడు, గుట్టల్లో. నెలకు మూడు రోజులు నా దగ్గరికి వచ్చేవాడు. ముట్టు గది వైపు మగవాడు రాడు, ఇంటి ఆడవాళ్లు కూడా గడప దాటి లోపలికి రారు. నేను గడపలో కూర్చునేదాన్ని. వాడు నా వెనక తిని, పడుకొని, కాలి పుండ్లు మానేదాకా ఉండి పోయేవాడు. జంగమ్మత్త పెట్టిన రెండో మనిషి తిండి వాడిది. నువ్వు పంపిన గొంగడి వాడిది.

రజాకార్లు వచ్చిన రెండుసార్లూ వాడు లోపలే ఉన్నాడు. ఇల్లంతా తవ్వారు. ఆ గది దగ్గరికి వచ్చి, ముట్టు గది అంటే ఆగి, వెనక్కి తిరిగారు.

ఈ నెల మన రాజ్యం వాళ్లు వచ్చారు. పొద్దున పూట. ముందు పోలీసు పటేల్, వెనక క్యాంపు జవాన్లు. జంగమ్మత్త అడ్డం నిలబడి, "ముట్టు గది బిడ్డా, జర దూరముండు" అన్నది. పటేల్ నవ్వాడు. "ఏం ముట్టు అవ్వా? మీ అండాలక్కకు ఆగి మూడేండ్లాయెనట గద. పాలమూరు జిల్లంత తెలిసింది, పక్కింట్ల ఉండి మాకే తెల్వకపాయె" అన్నాడు.

నేను గడపలోంచి లేవలేదు. ఒక జవాను నా భుజం మీద చెయ్యి వేశాడు. అది చూసి తమ్ముడు తనంతట తనే బయటికి వచ్చాడు. "మా అక్కను ముట్టకుండ్రి" అన్నాడు. సున్నపురాళ్ల గుంత వైపు తీసుకుపోయారు. పారిపోబోతే కాల్చామని రాసుకున్నారట. వాడి కాలి పుండు ఇంకా మానలేదు. పరిగెత్తలేడు.

గొంగడిలో చుట్టి తెచ్చుకున్నాం. అందులోనే పంపాం.

గుర్వమ్మను క్యాంపులో కూర్చోబెట్టి అడిగారు, బట్టల సంగతి నీకు తెలుసు కదా అని. చెప్పలేదట. చేతి వేళ్లు విరిగాయి. ఇప్పుడు ఆమె బట్టలు నేను ఉతుకుతున్నాను.

నేను ఇక బయట కూర్చోవడం లేదు. నెలంతా స్వామి ముందు దీపం పెడుతున్నాను. పెడుతున్నాను, అంతే.


నారాయణపేట
ఫాల్గుణ మాసం

అక్కా,

ఎన్ని కాగితాలు చింపానో. ఒక్కటే అడుగుతాను. ఆ మాట నా నోటి నుంచే పోయిందా? పుష్పమ్మ ఎందుకు రెండుసార్లు అడిగిందో ఇప్పుడు తెలిసింది. నేను కూర్చుంటున్న సంగతి దాచాను, ఆగిన సంగతి చెప్పాను. ఏది దాచాలో నాకు తెలియలేదు. కాదని రాయి అక్కా. అబద్ధమైనా రాయి.

ఇక్కడ లగ్గం అయింది. ఆ పిల్ల మంచిదే, నన్ను చూస్తే కళ్లు దించుకుంటుంది. నా పెట్టె పశువుల కొట్టంలోకి మార్చారు. దొంగ ముట్టుకు కూర్చున్న మూలే ఇప్పుడు నా ఇల్లు. ఇక మూడు రోజులని లేదు. కంచం దూరం నుంచే జరుపుతున్నారు.

పొడి అయిపోయింది. సెగలు మళ్లీ మొదలయ్యాయి. నాకు ఎవరూ లేరు. రమ్మంటావా?


గుండ్లపాడు
చైత్ర మాసం

యాదలక్ష్మికి.

అబద్ధం రాయమన్నావు. మూడేండ్లు నెలనెలా ఒక అబద్ధం కూర్చున్నాను. అది ఒకరి ప్రాణం కోసం. ఇప్పుడు చెప్పడానికి ఆ ప్రాణం లేదు. పుష్పమ్మ తన మొగుడికి చెప్పింది. పుష్పమ్మకు ఎవరు చెప్పారో నువ్వే రాశావు, నేను చదివాను. ఇంకోసారి అడగకు.

రా. మారయ్య పౌర్ణమికి పేటకు వస్తాడు. అతని బండిలో రా. మీ ఇంటి గడపలో ఎవరికీ చెప్పి రావలసిన పని లేదు.

నిన్ను ఒక్క మాట అనను. అనకుండా ఉండగలను. మాట్లాడగలనో లేదో తెలియదు. ఆ మాట ఎవరి నోటి నుంచి పోయిందో జంగమ్మత్తకు తెలియదు, ఆమె మాట్లాడుతుంది.

ఇంట్లో తమ్ముడి గది తెరవడం లేదు. నీకు బయటి గది అలికి ఉంచాను. నేల ఎర్రమట్టితో రెండుసార్లు అలికాను. మంచం వేశాను. కప్పుకోవడానికి నువ్వే తెచ్చుకో, ఇక్కడ గొంగడి లేదు.

పిల్లితీగ గడ్డలు ఎండాయి. దంచి జల్లించి పెడతాను. సెగలు తగ్గుతాయి, నిద్ర పడుతుంది. రోజూ సందెదీపం పెట్టాక పాలలో కలిపి, ఆ గది గడప అవతల పెట్టి వస్తాను. నేను వెళ్లాక తీసుకొని తాగు.

అక్క
అండాలు